కోనసీమ నుంచి ఫీనిక్స్‌కి: అరవై దాటాక ఎడారి ఊరికి మకాం మార్చేవాళ్లకి

అమలాపురం, అంబాజీపేట, రావులపాలెం, రాజోలు... ఏ ఊళ్లో పెళ్లికి వెళ్లినా "మావాడు అరిజోనాలో ఉంటాడండి, మమ్మల్ని కూడా వచ్చేయమంటున్నాడు" అనేవాళ్లు ఒకరిద్దరు ఎదురవుతున్నారు. వెళ్లాలా వద్దా అన్నది మీ ఇంట్లో మీరు తేల్చుకోవాల్సిన సంగతి. వెళ్లాలనుకున్నాక ఎలా వెళ్లాలి, ఏం సిద్ధం చేసుకోవాలి అన్నది మాత్రం నేను చెప్పగలను. ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను, నా ఉద్యోగమంతా డెల్టా కాలువ గట్ల మీదే గడిచింది. గ్రీన్‌కార్డులు, అంటే అమెరికాలో శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చాక నేనూ మా ఆవిడా అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో అబ్బాయి దగ్గర ఉంటున్నాం. వానాకాలం వచ్చేసరికి ఊరొచ్చేస్తాం. వచ్చిన ప్రతిసారీ అరుగు మీద కూర్చుని అడిగేవాళ్లు పెరుగుతున్నారు కాబట్టి, నాకు తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను.

ఎండ మనకి తెలుసు, పొడి తెలియదు

"ఎండలు మనకి కొత్తేటండి?" అని దాదాపు అందరూ అంటారు. ఎండ కొత్త కాదు, నిజమే. కానీ మనం పుట్టి పెరిగింది నీళ్ల మధ్య. ఒకపక్క గౌతమి, ఇంకోపక్క వశిష్ఠ, మధ్యలో వైనతేయ, ఇంటి వెనక పంట కాలువ. గాలిలో ఎప్పుడూ తడి ఉంటుంది. ముసురు పట్టిందంటే డబ్బాలో ఉప్పు కూడా నీరు కారుతుంది. మన చర్మం, ముక్కు, కళ్లు, దాహం, వంట అన్నీ ఆ తడికి అలవాటుపడినవే. ఫీనిక్స్‌లో ఏడాది మొత్తానికి కురిసే వాన సుమారు 180 మిల్లీమీటర్లు. మనకి ఏటా వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది. జూన్ మధ్యాహ్నాల్లో అక్కడ గాలిలో తేమ పది శాతం లోపుకి కూడా పడిపోతుంది.

మన మే నెలలో చొక్కా తడిసి ముద్దయితే నీళ్లు తాగాలని ఒళ్లే చెబుతుంది. అక్కడ చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా పొడిగా ఉంటుంది కాబట్టి ఒంట్లోంచి నీరు పోతున్న సంగతే తెలియదు. పైగా వయసు పెరిగేకొద్దీ దాహం వేయడం కూడా తగ్గుతుంది. ఈ రెండూ కలవడమే పెద్దవాళ్లకి ప్రమాదం. 2023లో మారికోపా కౌంటీలో, అంటే ఫీనిక్స్ ఉన్న కౌంటీలో, వేడి కారణంగా 645 మంది చనిపోయారని అక్కడి ప్రజారోగ్య శాఖ లెక్క. ఇళ్లలో చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఏసీ పని చేయని ఇళ్లలోవాళ్లే. కింద రాసిన జాగ్రత్తల్లో చాలావరకు ఈ పొడి గురించే, వాటిలో సగం మీరు ఇంకా కోనసీమలో ఉండగానే చేసుకోవాల్సినవి.

చూసి రావడానికి జులై, మకాం మార్చడానికి నవంబరు

పిల్లలు మామూలుగా డిసెంబరులో రమ్మంటారు, వాళ్లకి అప్పుడే సెలవులు. డిసెంబరులో ఫీనిక్స్ చాలా బాగుంటుంది. పగలు ఇరవై డిగ్రీలు, మబ్బులేని ఆకాశం, పెరళ్లలో గుత్తులుగా నారింజలు. మంచు కురిసే రాష్ట్రాల నుంచి రిటైరైన అమెరికన్లు చలికాలం గడపడానికి అక్కడికే వస్తారు. ఫీనిక్స్ శివార్లలో సన్ సిటీ అని ఒక ఊరుంది. 1960లో ప్రత్యేకంగా రిటైరైనవాళ్ల కోసమే కట్టారు. ఆ డిసెంబరు చూసి ఎవరికైనా ఉండిపోవాలనిపిస్తుంది. కానీ నిర్ణయం మాత్రం జులై చూశాకే తీసుకోండి. 2023లో వరుసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. 2024లో వరుసగా 113 రోజులు వంద ఫారన్‌హీట్ తగ్గలేదు, అంటే మన లెక్కలో 38. రాత్రి కూడా 32కి దిగని రోజులుంటాయి. విజిటర్ వీసా ఉంటే ఒకసారి జూన్ మధ్యలో వెళ్లి ఆగస్టు దాకా ఉండి చూడండి. పగలంతా తలుపులు, కిటికీలు మూసిన ఇంట్లో మీ మనసు ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది. మీకే అంటే ఇద్దరికీ. భార్యాభర్తల్లో ఒకరికి సరిపడి ఇంకొకరికి సరిపడకపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను.

వెళ్లడం ఖాయం చేసుకున్నాక అసలు ప్రయాణం నవంబరు మొదట్లో పెట్టుకోండి. ఇమ్మిగ్రెంట్ వీసా ముద్ర పడ్డాక మామూలుగా ఆరు నెలల్లోపు అక్కడ దిగాలి, కాబట్టి నెల ఎంచుకునే వీలు కొంత ఉంటుంది. నవంబరులో దిగితే ఎండలు మళ్లీ మొదలయ్యేలోపు ఇల్లు, రోడ్లు, డాక్టరు, మందుల షాపు, పలకరించే మనుషులు అన్నీ అలవాటవుతాయి. చలికాలం రాత్రులు ఐదారు డిగ్రీలకి దిగుతుంది. ఎడారి కదా అని స్వెట్టర్లు, సాక్సులు ఇక్కడే వదిలేయకండి.

కాగితాలు

మీ అబ్బాయో అమ్మాయో అమెరికా పౌరసత్వం తీసుకుని, 21 ఏళ్లు దాటి ఉంటే తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు కోసం పిటిషన్ వేయవచ్చు. తల్లిదండ్రులకి ఏటా ఇన్ని వీసాలే అన్న పరిమితి లేదు. ఆలస్యమయ్యేది ఎక్కువగా మన కాగితాల దగ్గరే.

మొదటిది పుట్టినతేదీ. మన తరంలో పంచాయతీలో జననం నమోదైనవాళ్లు తక్కువ. నమోదు లేకపోతే, రికార్డుల్లో లేదని ధ్రువీకరణ పత్రం తీసుకోవాలి. దానికి తోడు పదో తరగతి సర్టిఫికెట్, మీ పుట్టుక తెలిసిన పెద్దవాళ్ల అఫిడవిట్లు కావాలి. ఆ పెద్దవాళ్లు ఇప్పుడు ఎనభై దాటి ఉంటారు. అందుకే వాళ్ల సంతకాల పని అన్నిటికంటే ముందు పెట్టుకోండి, వాళ్ల ఆరోగ్యం మన పనుల కోసం ఆగదు.

రెండోది పేర్లు. ఆడవాళ్లకి స్కూలు సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఇలా నాలుగు రకాలుగా ఉంటే ప్రతి కౌంటర్ దగ్గరా సంజాయిషీ ఇవ్వాలి. పాస్‌పోర్టులో ఎలా ఉండాలో ముందు ఖాయం చేసుకుని, మిగతావి దానికి తగ్గట్టు మార్పించుకోండి. పెళ్లి రిజిస్టర్ కాకపోతే ఇప్పుడైనా చేయించుకోవచ్చు, శుభలేఖా పెళ్లి ఫొటోలూ దాచినవి ఉంటే బయటికి తీయండి. పోలీసు క్లియరెన్స్ పాస్‌పోర్టు ఆఫీసు ద్వారా వస్తుంది.

తోట, పొలం, బ్యాంకు

కొబ్బరితోట ఉన్నవాళ్లకి ఇదే పెద్ద టెన్షన్. నెలన్నరకో రెండు నెలలకో దింపు, అంటే చెట్లెక్కి కాయలు దించడం, ఉంటుంది. దింపులు సరిగా జరుగుతున్నాయా, కాయ లెక్క సరిగా వస్తోందా అన్నది ఫోనులో తేలేది కాదు. నమ్మకమైన అన్నదమ్ములో, మేనల్లుడో ఉంటే సరే, లేకపోతే కౌలుకి ఇవ్వడమే మంచిది. అయినవాళ్లే కదా అని నోటిమాట మీద వదలకండి, కాగితం రాసుకోండి. కాగితం ఉంటే బంధుత్వం కూడా నిలబడుతుంది. మీ తరఫున పనులు చేసే అధికారపత్రం, అదే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఇచ్చేటట్లయితే మీరు ఇక్కడుండగానే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. అమెరికా వెళ్లాక అయితే అక్కడ నోటరీ లేదా ఇండియన్ కాన్సులేట్ ముద్ర వేయించి పంపాలి. అది ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. అధికారం దేనికి ఇస్తున్నారో విడివిడిగా రాయించండి. కౌలు వసూలు వేరు, అమ్మకం వేరు.

పొలం అమ్మాలన్న ఆలోచన ఉంటే గ్రీన్‌కార్డుతో అక్కడ దిగకముందే తేల్చుకోండి. ఇది చాలామందికి తెలియదు. పల్లెటూరి వ్యవసాయ భూమి అమ్మితే ఇక్కడ లాభం మీద పన్ను ఉండదు. కానీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా అమెరికా పన్ను లెక్కలోకి వస్తుంది. మన ఫిక్సెడ్ డిపాజిట్ల వడ్డీ కూడా అంతే. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా పది వేల డాలర్లు దాటితే అక్కడి ప్రభుత్వానికి ఏటా ఆ వివరాలు తెలపాలి. పన్ను కట్టమని కాదు, తెలపమని. తెలపకపోతే జరిమానాలు గట్టిగా ఉంటాయి. రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటర్‌తో ఒక గంట కూర్చోండి, ఆ ఫీజు దండగ కాదు.

బ్యాంకుకి చెప్పి సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్‌ఓ ఖాతాగా, అంటే విదేశాల్లో ఉండే మనవాళ్ల ఖాతాగా, మార్పించుకోవాలి. పీపీఎఫ్ ఉంటే గడువు తీరేదాకా కొనసాగించుకోవచ్చు. కొత్తగా వ్యవసాయ భూమి కొనే వీలుండదు, ఉన్నది ఉంచుకోవచ్చు. పెన్షన్ వచ్చేవాళ్లు లైఫ్ సర్టిఫికెట్ విదేశం నుంచి ఎవరి సంతకంతో పంపాలో ట్రెజరీలో అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఫోను సిమ్ గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను. బ్యాంకు, ఆధార్, పట్టాదారు పాస్ పుస్తకం అన్నీ ఆ నంబరుకే కట్టి ఉంటాయి. ఓటీపీ రాకపోతే ఏ పనీ జరగదు. బయల్దేరే ముందు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, రీచార్జి అయిపోకుండా చూసే బాధ్యత ఇక్కడ ఒకరికి అప్పజెప్పండి.

ఒళ్లు

పళ్ల పని, కంటి శుక్లాల ఆపరేషన్, వినికిడి మిషన్లు వంటివి రాజమండ్రిలోనో కాకినాడలోనో ముందే చేయించుకోండి. అక్కడ వీటి ఖర్చు ఇక్కడికంటే ఎన్నో రెట్లు. 65 దాటిన గ్రీన్‌కార్డుదారులకి మెడికేర్‌లో, అంటే పెద్దవాళ్లకి అక్కడి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమాలో, చేరే అవకాశం వరుసగా ఐదేళ్ల నివాసం తర్వాతే వస్తుంది. అప్పటిదాకా వేరే ఇన్సూరెన్స్ కొనుక్కోవాలి. విజిటర్‌గా వెళ్లేవాళ్లు పాలసీ కొనేటప్పుడు, ఇప్పటికే ఉన్న జబ్బులకి వర్తిస్తుందా అన్న పేరా చదవందే డబ్బు కట్టకండి. చాలా పాలసీలు బీపీ, షుగర్, గుండె జబ్బుల మామూలు వైద్యానికి డబ్బు ఇవ్వవు.

మందుల చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకోండి. మనం డోలో అనేది అక్కడ ఎసిటమినోఫెన్. షుగర్ రీడింగు మాత్రం రెండు చోట్లా ఒకే కొలత. మీ డాక్టర్ని రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి. నా బీపీ మాత్రలో నీరు తీసే మందు ఉందా? నేను రోజుకి ఎన్ని నీళ్లు తాగొచ్చు? నీరు తీసే మాత్ర వేసుకుంటూ ఎడారి వేసవిలో ఉంటే మోతాదు మార్చాల్సి రావచ్చు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఇష్టమొచ్చినన్ని నీళ్లు తాగకూడదు. అందుకని ఆ అంకె డాక్టరే చెప్పాలి. తక్కినవాళ్లు దాహం వేసినా వేయకపోయినా గంట గంటకీ కొన్ని నీళ్లు తాగాలి. మా ఆవిడ పొద్దున్నే రెండు సీసాలు నింపి బల్ల మీద పెడుతుంది, మధ్యాహ్నం భోజనంలోపు అవి ఖాళీ కావాలి. మజ్జిగలో ఉప్పు, నిమ్మకాయ మన అలవాటే, అక్కడ ఇంకా బాగా పనికొస్తుంది.

దిగిన వారంలోనే పెదాలు, మడమలు పగులుతాయి, ముక్కు లోపల ఎండి నెత్తురు చారలు కనిపిస్తాయి. ముక్కుకి సెలైన్ చుక్కలు, కళ్లు మండితే తడి చుక్కలు వాడండి. స్నానం వేడినీళ్లతో ఎక్కువసేపు వద్దు. ఒళ్లు తుడుచుకున్న వెంటనే, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె రాసుకోండి.

ఇక కాళ్లు. మనం ఇంట్లో, వాకిట్లో, గుడిలో చెప్పుల్లేకుండా నడిచేవాళ్లం. ఫీనిక్స్ వేసవిలో తారురోడ్డు 70 డిగ్రీలకి చేరుతుంది. కొన్ని సెకన్లలో కాళ్లు కాలి బొబ్బలెక్కుతాయి, కిందపడి లేవలేకపోతే ఆసుపత్రి పాలవుతారు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి కాలుతున్నట్టు కూడా తెలియదు. పెరట్లో తులసికోటకి దీపం పెట్టడానికి వెళ్లినా చెప్పులు వేసుకోవాల్సిందే. దేవుడు తప్పు పట్టడు. కారు సీటు బెల్టు ఇనప బిళ్ల కూడా చుర్రుమంటుంది. మాత్రలు, ఇన్సులిన్ కారులో ఒక్క నిమిషం కూడా వదలొద్దు.

దుమ్ము వల్ల వచ్చే జబ్బు ఒకటి అక్కడుంది, వ్యాలీ ఫీవర్ అంటారు. మట్టిలో ఉండే ఒక ఫంగస్ దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళితే వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. జ్వరం, దగ్గు, విపరీతమైన నీరసం వారాల తరబడి తగ్గవు. మామూలు నిమోనియా అనుకుని యాంటీబయాటిక్స్ ఇస్తే గుణం కనపడదు. చాలామందికి దానంతటదే తగ్గుతుంది, కానీ షుగర్ ఉన్నవాళ్లలో ముదిరే అవకాశం ఎక్కువ. దగ్గు తగ్గకపోతే ఆ రక్తపరీక్ష చేయమని మీరే అడగండి. అక్కడి నుంచి ఊరొచ్చాక జబ్బుపడితే ఇక్కడి డాక్టర్‌కి అరిజోనాలో ఉండి వచ్చామని చెప్పండి. ఎక్స్‌రేలో మచ్చ కనపడితే ఇక్కడ ముందు టీబీ అనే అనుకుంటారు. మీ పాత ఛాతీ ఎక్స్‌రేలు ఉంటే ఒక కాపీ వెంట తీసుకెళ్లండి.

ఇల్లు, వంటిల్లు

గాలి రావాలని కిటికీలు తీయడం మన పుట్టుకతో వచ్చిన అలవాటు. అక్కడ వేసవి పగలు కిటికీ తీయకూడదు, కర్టెన్ కూడా వేసే ఉంచాలి. బయట 45 డిగ్రీలున్నప్పుడు ఫ్యాన్ వేడిగాలినే మన మీదికి తోస్తుంది, పెద్దవాళ్లకి అది చాలదు. ఏసీ ఫిల్టర్ సమయానికి మార్చడం, వేసవికి ముందు మెకానిక్‌తో చూపించడం పిల్లలతో పట్టుబట్టి చేయించండి. ఏసీ ఆగిపోతే ఎవరింటికి వెళ్లాలో ముందే అనుకుని ఉంచుకోండి. పగలైతే లైబ్రరీకి వెళ్లి కూర్చోవచ్చు. కరెంటు బిల్లుకి జంకి పిల్లలు లేని పూట ఏసీ తగ్గించుకుని కూర్చునే పెద్దవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. జులైలో చన్నీళ్ల కొళాయి తిప్పినా వేడినీళ్లే వస్తాయి, కంగారుపడొద్దు.

కొళాయి నీళ్లు ఉప్పదనం లేకపోయినా బాగా కఠినం. కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. వంటకి ఫిల్టర్ నీళ్లే వాడాలి. పొడి వల్ల మేలూ ఉంది. మినప వడియాలు ఒక్క ఎండకే గలగలలాడతాయి, ఉప్పు ఎప్పుడూ పొడిగానే ఉంటుంది, ఆవకాయకి బూజు భయం తక్కువ. కొబ్బరిచెట్టు అక్కడ బతకదు, ఈ సంగతి మనసుకి కష్టంగానే ఉంటుంది. షాపులో దొరికే గడ్డకట్టిన కొబ్బరి కోరుతో సరిపెట్టుకోవాలి. గోంగూర, మునగ మాత్రం ఆ వేడిని ఇష్టంగా తట్టుకుంటాయి. ఏప్రిల్‌లో గోంగూర చల్లి, మధ్యాహ్నానికి నీడగుడ్డ కట్టి, పొద్దునా సాయంత్రం తడిపితే ఇంటికి సరిపడా వస్తుంది. విత్తనాలు ఇక్కడి నుంచి మూటకట్టొద్దు, అక్కడే కొనుక్కోండి. విత్తనాలు, పచ్చి కరివేపాకు, పళ్లు, మాంసం, బియ్యం విమానాశ్రయంలో తీసేసుకుంటారు. పచ్చళ్లు, పొడులు తీసుకెళ్లొచ్చు. ఏం తెచ్చారో అధికారికి దాచకుండా చెబితే ఇబ్బంది ఉండదు, దాచితే జరిమానా.

అక్కడ తేళ్లు ఎక్కువ. చూడటానికి చిన్నవి, విషం గట్టిది. ఊదారంగు కాంతి వచ్చే టార్చి ఒకటి కొనుక్కోండి. ఆ వెలుతురులో తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. బూట్లు దులిపి వేసుకోండి.

బయట: కాలువలు, దుమ్ము

వేసవిలో ఐదున్నర లోపే తెల్లారుతుంది. నడక ఆ వేళకి పూర్తికావాలి. నడవడానికి నేను అందరికీ చెప్పేది కాలువ గట్లే. ఎడారిలో కాలువలేమిటని ఆశ్చర్యపోకండి, ఆ ఊరు బతికేదే కాలువల మీద. ఊరికి తూర్పున సాల్ట్ నది మీద గ్రానైట్ రీఫ్ అని ఒక ఆనకట్ట ఉంది, 1908లో కట్టారు. అది నీళ్లు నిల్వ చేసేది కాదు, మన ధవళేశ్వరం లాగే నదిని అటొక కాలువకీ ఇటొక కాలువకీ మళ్లించేది. కాటన్ దొర 1852కి ఆనకట్ట పూర్తి చేసి మన డెల్టాని పంటభూమి చేశాడు. అక్కడైతే అంతకు కొన్ని వందల ఏళ్ల ముందే హోహోకామ్ అనే ప్రజలు చేతి పనిముట్లతో కాలువలు తవ్వుకున్నారు. ఇప్పటి కాలువల్లో కొన్ని ఆ పాత జాడల్లోనే పోతాయి. ఇవి చాలక, కొలరాడో నది నీళ్లని 540 కిలోమీటర్ల దూరం నుంచి కొండల మీదికి పంపులతో ఎత్తి తెస్తున్నారు.

కాలువల మీద బతికిన మనిషిని కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్పాలనిపిస్తోంది. పాత పేటల్లో ఇప్పటికీ ఇంటి పెరళ్లకి వంతుల వారీగా కాలువ నీళ్లు వదులుతారు. గేట్లు తిప్పే మనిషిని జంజేరో అంటారు, మన లస్కరు చేసే పనే. మనకి గుర్రపుడెక్క బాధ ఉన్నట్టే వాళ్లకీ నాచు బాధ ఉంది. దానికి మన చెరువుల్లో పెంచే గడ్డిచేపనే కాలువల్లో వదిలారు. మనం వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసినట్టు వాళ్లు చలికాలంలో కట్టేసి మరమ్మతులు చేస్తారు. పొద్దున్నే ఆ గట్టు మీద నడుస్తూ ఇవన్నీ చూస్తుంటే పరాయి చోటు అన్న భావన నాకు చాలావరకు తగ్గింది. మీకూ తగ్గుతుందని నమ్ముతున్నాను. గట్ల మీద నీడ ఉండదు, రెయిలింగు ఉండదు. నీళ్లలో దిగడం నిషేధం. టోపీ, నీళ్ల సీసా, ఫోను లేకుండా వెళ్లకండి. ఊళ్లో నది పేరున్న చోట మాత్రం ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది, నీరంతా కాలువల్లోకే పోతుంది. గోదావరి చూసిన కళ్లకి అది మొదట బాధగా ఉంటుంది.

జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా అక్కడ కూడా వానాకాలమే, కానీ వాన కంటే ముందు దుమ్ము వస్తుంది. హబూబ్ అంటారు. వేల అడుగుల ఎత్తు దుమ్ముగోడ ఊరి మీదికి నడిచొస్తుంది. 1996 నవంబరు తుపాను చూసిన మనం గాలికి భయపడం కానీ ఇది ఊపిరికి సంబంధించినది. తలుపులు మూసుకుని ఇంట్లోనే ఉండండి. కారులో ఉంటే రోడ్డు పూర్తిగా దిగి పక్కకి ఆపి, లైట్లు ఆర్పి, బ్రేకు మీద నుంచి కాలు తీయాలి. లైటు వెలుగుతుంటే వెనక కారువాడు రోడ్డు అటే ఉందనుకుని వచ్చి గుద్దేస్తాడు. ఎండు వాగులో నీళ్లు పారుతుంటే కారు దించనివ్వకండి.

మధ్యాహ్నాలు

శరీరం కంటే ముందు మనసు ఎండిపోయేది మధ్యాహ్నాల్లోనే. పిల్లలు ఆఫీసులో, మనవలు స్కూల్లో, బయట కాలు పెట్టలేని వేడి, అరుగు లేదు, వీధిలో మనిషి కనపడడు. కాబట్టి వేసవికి ముందే రోజుకొక పద్ధతి ఏర్పాటు చేసుకోండి. చాండ్లర్, గిల్బర్ట్ ప్రాంతాల్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, మన వయసు తల్లిదండ్రులు కూడా. నలుగురిని వెతికి పట్టుకుని వారానికి రెండు మధ్యాహ్నాలు ఒకరింట్లో ఒకరు కూడండి. ఊళ్లలో సీనియర్ సెంటర్లుంటాయి, ఇంగ్లీషు రాదని ఆగిపోవద్దు, క్యారమ్స్‌కి, యోగాకి భాష అక్కర్లేదు. పెద్ద షాపింగ్ మాల్‌లో చల్లగా నడవొచ్చు, అక్కడి ముసలివాళ్లు ఆ పనే చేస్తారు. మారికోపా ఊళ్లో మహాగణపతి గుడి ఉంది. కారు కావాలి కాబట్టి వారానికి ఒక పూట గుడికని పిల్లలతో ముందే మాట తీసుకోండి. కారు నడపడం వచ్చి, చూపు బాగున్నవాళ్లు అక్కడి లైసెన్సు తీసుకోవడం మంచిది.

ఊరికి ఫోను చేయడానికి లెక్క సులువు. అరిజోనాలో గడియారాలు ఏడాదికి రెండుసార్లు ముందుకీ వెనక్కీ జరపరు, కాబట్టి తేడా ఎప్పుడూ పన్నెండున్నర గంటలే. అమలాపురంలో సాయంత్రం ఆరున్నర అయితే అక్కడ పొద్దున్న ఆరు. నడక నుంచి వచ్చాక మాట్లాడే వేళ అది. ఒకే వేళకి రోజూ చేస్తే ఇక్కడివాళ్లు కూడా ఎదురుచూస్తారు.

రావడం, పోవడం

మా పద్ధతి ఇది. జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలే రోజులకి ఊరు చేరతాం, అక్టోబరు చివరలో తిరిగి వెళతాం. అక్కడి ఘోరమైన ఎండలు తప్పుతాయి, ఇక్కడ తోట, ఇల్లు, బంధువులు దగ్గరగా ఉంటారు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఒకేసారి ఆరు నెలలకి మించి బయట ఉంటే తిరిగి వెళ్లేటప్పుడు ప్రశ్నలు వస్తాయి. ఏడాది దాటితే కార్డుకే ముప్పు. అంతకాలం ఉండాల్సిన అవసరం ముందే తెలిస్తే రీఎంట్రీ పర్మిట్‌కి, అంటే తిరిగి రావడానికి ముందుగా తీసుకునే అనుమతికి, దరఖాస్తు చేయాలి. అది అమెరికాలో ఉండగానే చేయాలి, ఇక్కడికి వచ్చాక కుదరదు.

ఊళ్లో ఇల్లు మూసి వెళ్లేటప్పుడు మీటరు దగ్గర మెయిన్ ఆపండి, ట్యాంకు ఖాళీ చేయండి. నెలకొకసారి తలుపులు తీసి గాలి ఆడించమని ఒకరికి తాళం ఇవ్వండి. మన తడికి మూసిన ఇల్లు తొందరగా పాడవుతుంది. లంక గ్రామాలవాళ్లు భూమి కాగితాలు, పాత ఫొటోలు వరదకి అందని ఎత్తులో పెట్టడమో, అమలాపురంలో బ్యాంకు లాకర్లో దాచడమో చేయండి.

తిరుగు ప్రయాణానికి ఫీనిక్స్‌కి మన దేశం నుంచి నేరుగా విమానం లేదు, ఒకటో రెండో చోట్ల మారాలి. టికెట్ కొనేటప్పుడే వీల్‌చెయిర్ అడగండి, నడవగలిగినవాళ్లయినా సరే. పెద్ద విమానాశ్రయాల్లో గేట్ల మధ్య దూరం, భాష రెండిటికీ అదే సాయం. అక్టోబరు, నవంబరు మనకి తుపాన్ల నెలలు. మధురపూడి నుంచి విమానమైనా, రాజమండ్రి నుంచి రైలైనా ఆగిపోవచ్చు. అందుకని అసలు విమానానికి రెండు రోజుల ముందే హైదరాబాద్ చేరి బంధువుల ఇంట్లో ఉండండి. మందులు చేతి సంచిలోనే పెట్టుకోండి.